అనుమానం కాగితం

మరిది ఎడమ చెయ్యి ప్యాంటు జేబులోంచి బయటికి రాక అప్పటికి పది రోజులైంది. మొదటి నాలుగు రోజులూ రిజిస్టరక్క పట్టించుకోలేదు. ఐదో రోజు గమనించింది. గమనించాక ఇంక ఆవిడ చూపు ఆ జేబు మీంచి పక్కకి జరిగితే ఒట్టు.

రిజిస్టరక్క అంటే అట్టపెట్టెల ఫ్యాక్టరీలో సేఫ్టీ గుమాస్తా. ఎవరి వేలు తెగినా, ఎవరి కాలు బెణికినా ఆవిడ బల్ల మీదున్న ఎర్ర అట్ట రిజిస్టర్లోకి ఎక్కాల్సిందే, అందుకని ఆ పేరు పడింది. తొమ్మిదేళ్లుగా అదే కుర్చీ. మరిదిని ఆ ఫ్యాక్టరీలో పెట్టించింది కూడా ఆవిడే. ఆవిడ కాపరానికి వచ్చేనాటికి వాడికి ఎనిమిదేళ్లు. షూ లేసులు కట్టి బడికి పంపింది, టైఫాయిడ్ వస్తే పక్కన కూర్చుని నుదుటి మీద తడిగుడ్డలు మార్చింది. భర్త లారీ నడిపే మనిషి, నెలకి రెండుసార్లు ఇంటి మొహం చూస్తాడు. దాంతో చిన్నోడి మంచీ చెడ్డా అంతా ఆవిడ నెత్తినే పడింది. ఇప్పుడు ఆ చిన్నోడికి ఇరవై ఆరేళ్లు. అట్టల్ని నిలువునా కోసే మిషన్ మీద రెండో ఆపరేటరు. అంత పెద్ద మిషన్ నా కొడుక్కి అప్పగించారని అత్తగారు వీధి వీధంతా చెప్పుకొచ్చింది.

అలాంటివాడు ఉన్నట్టుండి మనిషే మారిపోయాడు. డ్యూటీ నుంచి రాగానే "క్యాంటీన్లో తినేశాను వదినా" అని గదిలోకి పోయి గడియ పెట్టుకుంటున్నాడు. స్నానాలగదిలోకి వెళితే ముప్పావు గంట. గది తలుపు తీస్తే సెంటు వాసన ముక్కు బద్దలు కొడుతోంది. ఇంతకుముందు సెంటు మొహం ఎరగడు వాడు. కళ్లు వాలిపోయి ఉంటున్నాయి. ఏదైనా అడిగితే ఆ మాట బావిలో పడి తిరిగొచ్చినంత సేపటికి జవాబిస్తున్నాడు.

"ప్రేమా దోమా ఏదో అయ్యుంటుందిలే" అంది అత్తగారు.

"ప్రేమలో పడ్డవాడు అద్దం ముందు నిలబడతాడు అత్తయ్యా, గడియ పెట్టుకుని పడుకోడు."

"నీకేం తెలుసు, నీ మొగుడు ఏనాడు ప్రేమించాడు గనక" అని నవ్వేసింది అత్తగారు. రిజిస్టరక్కకి నవ్వు రాలేదు. ఆవిడ బుర్రలో వేరే పురుగు తొలుస్తోంది.

ఆ పురుగుని పెట్టింది హెడ్డాఫీసు. ఆరు నెలల కిందట ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరొకడు ఏదో పీల్చి, ఆ మత్తులో బండిని తీసుకెళ్లి గోడకి గుద్దాడు. అదృష్టం బాగుండి గోడ తప్ప ఎవరూ పోలేదు. ఆ దెబ్బకి హెడ్డాఫీసు కళ్లు తెరిచింది. తెరిచి ఊరుకుందా, ఇంక మూయడమే మానేసింది. ప్రతి నెలా కంప్యూటరు తీసిన పది పేర్లకి మూత్ర పరీక్ష. అది కాక, రిజిస్టర్లోకి ఎక్కిన ప్రతివాడికీ, చిన్న గీటే కానివ్వండి, ఆ రోజే పరీక్ష. రిపోర్టు వచ్చేదాకా మూడు రోజులు ఇంట్లో కూర్చోవాలి, ఇరుగుపొరుగు గుసగుసలు వింటూ. అదీ కాక అనుమానం కాగితం అని ఒకటి. మనిషి వాలకం బాలేదని పై మనుషుల్లో ఎవరు సంతకం పెట్టినా చాలు, కప్పు చేతికిస్తారు. దొరికితే ఉద్యోగం ఊడినట్టే. ఆ చుట్టుపక్కల ఫ్యాక్టరీలన్నీ ఒకరి జాబితా ఒకరు చూసుకుంటాయి గనక మళ్లీ ఏ గేటూ దాటనివ్వరు.

వీటితోపాటు ఒక పుస్తకం కూడా పంపారు. పనిచోట్ల మత్తు కేసుల తీరు ఏటేటా ఎలా మారుతోందో అందులో బొమ్మలు గీసి మరీ రాశారు. పొగ తగ్గుతోందట, మాత్రలు పెరుగుతున్నాయట. బుద్ధిమంతుల్లా కనిపించేవాళ్లే ఎక్కువగా దొరుకుతున్నారట. ఆనవాళ్లివిట: మందకొడితనం, ఒంటరిగా ఉండటం, గంటల తరబడి స్నానాలగదిలో గడపడం, వాసన కప్పెట్టే సెంట్లు. రిజిస్టరక్క ఆ పేజీ చదివినప్పుడు గుండెల్లో రాయి పడింది. వాళ్లింటికొచ్చి చూసి రాసినట్టే ఉంది.

ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి. పరీక్షలు మొదలైన ఈ ఆరు నెలల్లో ఎర్ర రిజిస్టర్లో ఒక్క పేరూ పడలేదు. హెడ్డాఫీసు ఉబ్బితబ్బిబ్బై ఫ్రేము కట్టించిన ప్రశంసాపత్రం పంపింది. రిజిస్టరక్క మీటింగులో మైకు పట్టుకుని, "మనందరం మారాం, ఈ ఖాళీ పేజీలే సాక్ష్యం" అంది. నలభై మందీ చప్పట్లు కొట్టారు, కొందరు చేతుల గ్లవ్స్ తియ్యకుండానే. నలభై మంది మనుషులు, పదునైన కత్తులు, కాగే రోలర్లు. ఆరు నెలల్లో ఒక్కడి గోరు కూడా చిట్లలేదంటే రావలసింది ఆనందమా, అనుమానమా? ఆవిడకి ఆనందమే వచ్చింది. ఉన్న అనుమానాన్నంతా తెచ్చి ఇంట్లో మరిది మీద పెట్టింది.

సెలవురోజు పొద్దున్న చిన్నోడు స్నానానికి వెళ్లగానే పిల్లిలా అడుగులో అడుగేసుకుంటూ వాడి గదిలోకి దూరింది. దిండు కింద చూసింది, పరుపు ఎత్తి చూసింది, చొక్కా జేబులన్నీ తడిమింది. మేజోళ్లు విదిల్చింది. పాత బూటులో చెయ్యి పెడితే దొరికింది. సగానికి కత్తిరించిన మాత్రల రేకు. పేరున్న వైపు కత్తిరించేశారు. ఏడు గుంటలు ఖాళీ, మూడు మాత్రలు మిగిలున్నాయి.

ఆవిడ అక్కడే మంచం పట్టె మీద కూలబడింది. స్నానాలగదిలో నీళ్ల చప్పుడు ఆగింది. లోపల్నుంచి సన్నగా ఒక మూలుగు వినిపించింది. చూశావా, మాత్ర దిగిపోతే ఒళ్లు లాగుతుందని పుస్తకంలో రాశారు, అదే ఇది అనుకుంది. రేకు మళ్లీ బూటులో పెట్టి, వాడు తలుపు తీసేలోపు వంటింట్లో పడింది.

"ఏం వదినా, అలా ఉన్నావ్?" అని అడిగాడు చిన్నోడు, ఎడమ చెయ్యి తువ్వాలు కింద పెట్టుకుని.

"ఎలా ఉన్నాను? బానే ఉన్నాను" అంది వాడి మొహం చూడకుండా.

మర్నాడు ఫ్యాక్టరీలో పని మానుకుని మరీ కాపు కాసింది. చిన్నోడు ఒంటి చేత్తో లాక్కొస్తున్నాడు. రెండో చేతి పని గేర్లాయన చేస్తున్నాడు. గేర్లాయన ఆ మిషన్‌కి పెద్ద ఆపరేటరు, ముప్ఫై ఏళ్ల సర్వీసున్న మనిషి, చప్పుడు వినే ఏ గేరు అరిగిందో చెప్పేస్తాడు. రిజిస్టరక్క దగ్గరికి రాగానే లైను మీదున్న నలుగురూ మాట ఆపేశారు. ఆవిడ వెనక్కి తిరిగి రెండడుగులు వేసి, మళ్లీ గిరుక్కున తిరిగి చూసింది. గేర్లాయన మడిచిన కాగితం పొట్లం ఒకటి చిన్నోడి చొక్కా జేబులో వేస్తున్నాడు.

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. సరుకిచ్చేది ఈ పెద్దమనిషా! లైను లైనంతా కూడబలుక్కుందన్నమాట. ఇన్నాళ్లూ ఏమ్మా, తల్లీ అంటూ నెత్తిన పెట్టుకున్నదంతా ఇందుకా? ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు. చెప్పకపోతే వాడు మత్తులో ఏ రోజో ఆ కత్తుల్లో తల పెడతాడు, లేదా ఇంకొకడి తల పెట్టిస్తాడు. చెబితే వాడి బతుకు కప్పులో పడుతుంది. మొగుడికి ఫోను చేసింది. ఏదో ఘాట్ రోడ్డు మీదున్నాడు, సగం మాటలు తెగిపోయాయి. "నువ్వు ఏది మంచిదనుకుంటే అది చెయ్యి" అన్నాడు. ఎప్పుడూ అంతే, బరువున్న మాట ఏదొచ్చినా ఆవిడ మీదికి దించేసి హారన్ కొట్టుకుంటూ పోతాడు.

బల్ల సొరుగులోంచి అనుమానం కాగితం తీసింది. పది ప్రశ్నలున్నాయి. మగతగా ఉన్నాడా? చూపు నిలకడగా లేదా? మనుషులకి దూరంగా ఉంటున్నాడా? ఏదైనా దాస్తున్నాడా? ఒక్కోదానికీ టిక్కు పెట్టుకుంటూ పోయింది. పదింటికి తొమ్మిది. కింద సంతకం చేసి, మేనేజరు బల్ల మీద పెట్టింది.

మేనేజరు కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు. "సొంత మరిది కదండీ?"

"రూలు అందరికీ ఒకటేగా సార్."

"మీలాంటివాళ్లుండాలండీ" అన్నాడాయన మనస్ఫూర్తిగానే.

పరీక్షల గది స్టోరు వెనక ఉంది. ల్యాబు నుంచి వచ్చిన నర్సమ్మ కుళాయి తిప్పి చూసి, జాబితా తెరిచింది. వరండాలో నిలబడ్డ రిజిస్టరక్కని చూసి చిన్నోడు నవ్వాడు. "కంప్యూటర్లో నా నంబరొచ్చినట్టుంది వదినా" అన్నాడు. ఆవిడ అవునని తలూపింది. చేసిన పనుల్లోకెల్లా సిగ్గుమాలిన పని ఆ తలూపడమే అని తర్వాత చాలాసార్లు అనుకుంది.

లోపలికి వెళ్లిన రెండు నిమిషాలకి మాటలు వినిపించాయి. "కప్పు ముట్టుకునే ముందు రెండు చేతులూ సబ్బుతో కడగాలి, నా ఎదురుగా" అంటోంది నర్సమ్మ. "ఒక చెయ్యి కడుగుతానండీ" అంటున్నాడు వీడు. "రెండూ" అందావిడ. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. తర్వాత తలుపు తెరుచుకుంది. నర్సమ్మ మొహం పాలిపోయి ఉంది.

"ఇతను మీ మనిషేనా? ఆ చెయ్యి కుళ్లిపోతోంది, తెలుసా మీకు?"

రిజిస్టరక్క లోపలికి పరిగెత్తింది. అట్టపెట్టెలు అంటించే గోధుమరంగు గమ్ము టేపు సగం ఊడి వేలాడుతోంది. దాని కింద రెండు వేళ్లు నల్లగా కమిలి, మణికట్టు దాకా వాచిపోయి ఉన్నాయి. గదిలో కొట్టిన సెంటు ఏ వాసన కోసమో అప్పుడు తెలిసింది. జేబులో పొట్లం కోసం ఇన్ని రోజులుగా కాపు కాసిన మనిషికి, ఆ జేబులో చెయ్యే ఉందని తట్టలేదు.

ఆస్పత్రిలో రెండు వేళ్లూ తీసేశారు. "వారం ముందొస్తే రెండూ దక్కేవి" అన్నాడు డాక్టరు. అత్తగారు ఆ మాట విని గోడకి జారగిలబడిపోయింది.

ఆస్పత్రికి పంపేముందే రూలు ప్రకారం నర్సమ్మ కప్పు నింపించుకుంది. మూడో రోజు దాని రిపోర్టు వచ్చింది. మత్తు కలిసిన నొప్పి మాత్ర, డాక్టరు చీటీ లేకుండా. మేనేజరు తలుపు దగ్గరికేసి కూర్చోమన్నాడు.

"చూడండమ్మా, మత్తు కేసు కింద తీసేస్తారు, అదొక్కటే దారి. చెయ్యి సంగతి మాత్రం రిజిస్టర్లో రాయకండి. ఇంట్లో ఎక్కడో నలిగిందనుకుందాం. పదిహేను రోజుల తర్వాత రాస్తే ఎందుకు దాచారని మీ మెడకే చుట్టుకుంటుంది. మీ కాగితమే మీకు రక్ష. మీరు అనుమానించారు, అది నిజమని తేలింది."

"ప్రమాదం కాదంటే ఆస్పత్రి ఖర్చూ, వాడి ఉద్యోగం..."

"అవి రావు. మిమ్మల్ని మాత్రం ఎవరూ ఏమీ అనరు."

ఆయన చెడ్డవాడేం కాదు, తన కుర్చీ ఎక్కడ కదులుతుందోనని భయపడే మనిషి. ఆవిడ లేచి తిన్నగా క్యాంటీన్ వెనక బెంచీ దగ్గరికి వెళ్లింది. గేర్లాయన ఒక్కడే కూర్చుని టీ తాగుతున్నాడు. ఆవిణ్ణి చూడగానే గ్లాసు పక్కన పెట్టేశాడు.

"ఏం జరిగింది బాబాయ్? నాకు అంతా చెప్పు."

"దేనికి? ఇంకో కాగితం రాయడానికా?"

"రాయడానికే. వాడి ఉద్యోగం పోతోంది. చూసినవాళ్లెవరైనా చెబితే ప్రమాదమని రాస్తాను."

గేర్లాయన చాలాసేపు ఆవిడ మొహంలోకి చూశాడు. నమ్మకం లేని చూపు. "రోలరు దగ్గర అట్ట ఇరుక్కుంది. మిషన్ ఆపి తీయాలని రూలు. ఆపితే మళ్లీ వేడెక్కేదాకా ఇరవై నిమిషాలు అట్టలన్నీ పాడైపోతాయని మేం ఎవరం ఆపం, నీకూ తెలుసు. చెయ్యి పెట్టాడు, లాగేసింది. ఆస్పత్రికి పదరా అన్నాను. వెళితే రిజిస్టరెక్కాలి, ఎక్కితే కప్పు, మూడు రోజులు దొంగలా ఇంట్లో కూర్చోవాలి. మా లైన్లో అందరం చేసే పనే చేశాం. టేపు చుట్టాం."

"అందరూ అంటే?"

"ఆరు నెలల నుంచి ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో కట్టుగుడ్డ ఒక్కటైనా తగ్గిందా? గమ్ము టేపు రెట్టింపు తెప్పిస్తున్నాం, ఆ చీటీల మీద సంతకాలు నీవేగా. నీకు అనుమానం రాలేదా తల్లీ?"

ఆవిడ బెంచీ చివర కూర్చుండిపోయింది.

"నొప్పికి తట్టుకోలేకపోతుంటే నా నడుంనొప్పి మాత్రలిచ్చాను. నాకు డాక్టరు చీటీ ఉంది, వాడికి లేదు. ఎవరికైనా చెప్పరా అంటే ఏమన్నాడో తెలుసా? మా వదిన ఖాళీ పేజీలు చూసుకుని మురిసిపోతోంది, నా పేరుతోనే పాడు చెయ్యనా అన్నాడు. ఎవరికి తెలిసినా ఫర్వాలేదు, నీకు మాత్రం తెలియకూడదన్నాడు."

రిజిస్టరక్క పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. గేర్లాయన ఓదార్చలేదు. టీ చల్లారిపోతున్నా ముట్టుకోలేదు.

"నేను సాక్ష్యం చెబితే నా మాత్రలు వాడికిచ్చినట్టు ఒప్పుకోవాలి. ఇంకా రెండేళ్ల సర్వీసుంది నాకు. మా మీద రాసే మనిషివి నువ్వు. ఇవాళ మా కోసం రాస్తానంటే ఎలా నమ్మమంటావ్?"

"నమ్మొద్దు. ముందు నా సంగతి రాస్తాను, అది చదివాక నీ ఇష్టం."

ఎర్ర రిజిస్టరు తెచ్చి ఆ బెంచీ మీదే తెరిచింది. చిన్నోడి ప్రమాదం రాసింది, తేదీతో సహా. కారణం దగ్గర ఇలా రాసింది: మిషన్ ఆపకుండా పని చేయడం అలవాటని నాకు తెలుసు, ఎన్నడూ ఆపించలేదు. గాయం చెబితే పరీక్ష ఉంటుందన్న భయంతో దాచారు. ఆరు నెలలుగా ఈ పుస్తకం ఖాళీగా ఉంటే ఎందుకని అడగలేదు, మెచ్చుకుంటే తీసుకున్నాను. ఇతని మీద నేనిచ్చిన అనుమానం కాగితం తప్పు. కింద సంతకం చేసి పుస్తకం ఆయన వైపు తిప్పింది. గేర్లాయన వేలు పెట్టి ఒక్కో వరసా చదివాడు. సంతకం దగ్గర ఆగి, అది ఆవిడదేనా కాదా అన్నట్టు మళ్లీ చూశాడు.

"కలం ఇలా ఇవ్వు" అన్నాడు చివరికి.

మేనేజరు నెత్తి కొట్టుకున్నాడు. హెడ్డాఫీసు నుంచి ఇద్దరొచ్చి రెండు రోజులు అందర్నీ గుచ్చి గుచ్చి అడిగారు. ఈలోగా ఇంకో ఆరుగురు ఒక్కొక్కరే వచ్చి, చుట్టుపక్కల చూసుకుని, రిజిస్టరక్క బల్ల ముందు గ్లవ్స్ తీశారు. గాయం రాయించుకున్నవాడికల్లా కప్పు ఇచ్చే రూలు తీసేయాలని వచ్చినవాళ్లు పైకి రాశారు, తీస్తారో లేదో ఇంకా తెలియదు. గేర్లాయనకీ రిజిస్టరక్కకీ చెరో మెమో ఇచ్చారు. ప్రశంసాపత్రం వెనక్కి పట్టుకుపోయారు. చిన్నోడిది ప్రమాదమే అని ఒప్పుకున్నారు. ఉద్యోగం పోలేదు, చెయ్యి మానాక స్టోర్లో పనిస్తామని కాగితం రాసిచ్చారు.

ఆ కాగితం పట్టుకుని ఆవిడ ఆస్పత్రికి పరుగున వెళ్లింది. చిన్నోడు కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు. ఉద్యోగం నిలబడిందని చెప్పింది. స్టోర్లో పనని చెప్పింది. గేర్లాయన సంతకం పెట్టాడని చెప్పింది. వాడు అన్నిటికీ ఊఁ కొట్టాడు.

"పొద్దున్న ఆఫీసువాళ్లొచ్చారు వదినా. నీ కాగితం చదివి వినిపించారు" అన్నాడు. "పదింటికి తొమ్మిది టిక్కులట."

ఆవిడ చేతిలో సంచీ పక్క మంచం మీద పెట్టబోయి, మళ్లీ ఒళ్లోనే పెట్టుకుంది.

"నా బూట్లో కూడా వెతికావా?"

"వెతికాను."

"కంప్యూటరు తీసిందేమో అనుకున్నా" అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే ఆవిణ్ణి కోసేసింది. కోప్పడితే కాళ్లు పట్టుకునైనా ఏడ్చేది. "ఇన్ని చూశావు గదా వదినా. ఏమైందిరా అని ఒక్కసారి అడగలేదేం?"

"అడిగితే చెప్పేవాడివా?"

వాడు ఆలోచించాడు. "లేదు. అబద్ధమే చెప్పేవాణ్ణి. అయినా అడిగుంటే బావుండేది."

ఆవిడ స్టూలు మంచం దగ్గరికి లాక్కుని కూర్చుంది. కట్టు కట్టిన చెయ్యి దుప్పటి మీద ఉంది. దాన్ని ముట్టుకునే ధైర్యం లేక, పక్కనే దుప్పటి అంచు సర్దింది.

"నొప్పిగా ఉందారా?" అని అడిగింది.

"లేదు వదినా" అన్నాడు వాడు, పళ్లు బిగబట్టి.